నేను కాలు మోపిన కుంట

కథలాపూర్ దిక్కు ఒక ఊళ్ళో నేను కాలు మోపిన చోట కుంట పుట్టిందని మొన్న కోరుట్లలో నిండు సభలో మైకు పట్టుకుని మరీ చెప్పాను. అబద్ధమైతే ఆ ఊరికి పోయి చూసుకోవచ్చు. ఎవరినడిగినా కట్ట మీదికి నడిపిస్తారు, నిండిన నీళ్ళు పొర్లిపోయే మత్తడి దగ్గర కూర్చోబెట్టి కాళ్ళు కడుక్కోమంటారు. ఊరి పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో ఈ కాగితాలు అయిపోయేలోగా మీకే అర్థమవుతుంది.

ముందు ఆ సభ సంగతి చెప్పాలి. కోరుట్ల నాలుగు దిక్కులా పెరిగిపోతోంది కదా, నిన్నటి మక్కచేను ఇవాళ ప్లాటు, రేపు మిద్దె. అందుకని చుట్టుపక్కల ఊళ్ళకు వాననీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆపాలో కొత్తగా ఒక ప్లాను వేస్తున్నారట, జనం కూడా వచ్చి తమ మాట చెప్పాలని ఒక ఫంక్షన్ హాలుకు పిలిచారు. నేను పని మానేసి ఎన్నేండ్లయినా పాత మనిషినని నన్నూ పిలిచారు. ఇంజనీరు ఒక అమ్మాయి, నా మనుమరాలి కంటే నాలుగేండ్లు పెద్దదేమో, గోడ మీద వెలుగుతో పటం వేసి చూపించింది. డ్రోను పైనుంచి చూసి గీసిన పటం. గుట్టలు మబ్బుల్లా, వాననీళ్ళు పారే ఒర్రెలు నీలం దారాల్లా, చూడటానికి కల లాగా ఉంది. అందరం బాగుందన్నాం. మీ అభిప్రాయాలు చెప్పండంటే మాత్రం ఒక్కరూ లేవలేదు, సమోసాలు వచ్చేదాకా ఫ్యాన్ల చప్పుడు వింటూ కూర్చున్నాం. మల్లాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలామె ఒక్కతే లేచి, తన పొలం అందులో ఎక్కడుందో వెతుక్కోవడానికి గోడ దగ్గరికి పోయి చెయ్యి ఆనించింది. ఆ వెలుగంతా ఆమె చేతి మీద పడింది. ఒక నీలం ఒర్రె ఆమె వేళ్ళ మీదుగా దిగి, ముంజేతి నరాల వెంట పారి, గాజుల దగ్గర మాయమైంది.

అది చూస్తుంటే నాకు ముగ్గుపిండి వాసన కొట్టింది. నమ్ముతారో లేదో గాని, ఆ చల్లని హాలులో, సమోసాల వాసనను దాటుకుని వచ్చింది. లేచి మైకు అడిగాను. కాలు మోపిన ముచ్చట చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ముచ్చటపడి, "తాతా, గిదంత రాసియ్యుండ్రి, మేం దాసుకుంటం" అంది.

రాయమనడంతో వచ్చింది చిక్కు. మాటదేముంది, తంగళ్ళపల్లి మంగలి దుకాణంలో ఒక తీరుగా, సిరిసిల్ల చాయ్ హోటల్లో ఇంకో తీరుగా చెప్పుకుంటూ వచ్చాను, చెప్పినప్పుడల్లా ఆ కుంట నాలుగు గజాలు పెరిగింది, ఒకసారి కొంగలు వాలాయి, ఒకసారి పడవ కూడా తిరిగిందనుకుంటా. రాత అట్లా కాదు. కాగితం మీద కూర్చుని మన మొహమే చూస్తుంటుంది. అందుకని ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను, నా చేతిరాత నాకే అర్థం కాదు గనుక రాసిందల్లా పైకి చదువుతున్నాను. పక్కన మా ఇంటామె మెంతికూర ఏరుకుంటూ వింటోంది. ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

నేను సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడులో పుట్టినవాణ్ణి. మా బాపు సాంచా నడిపేవాడు. పోగు తెగితే చప్పుడు మారుతుంది, ఆ మారిన చప్పుడు విని చీకట్లోనైనా తెగిన కొస పట్టుకునేవాడు. నాకు ఆ విద్య అబ్బలేదు. ఇంటరు దాకా చదివి, ఏ పనీ దొరక్క తిరుగుతూ తిరుగుతూ, పెళ్ళీడు కూడా దాటిపోతోందని మా అమ్మ దిగులు పడుతున్న రోజుల్లో, వాటర్‌షెడ్డు పనిలో కుదిరాను. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గుట్ట నెత్తిన పడ్డ వానను ఊరు దాటిపోకుండా ఎక్కడికక్కడ ఆపే పని: కందకాలు, రాతికట్టలు, చిన్న చిన్న కుంటలు. వేములవాడలో బస్సు మారి, సంకలో పటం చుట్టుకుని ఆ ఊళ్ళో దిగిన రోజున నాకు మొదట అనిపించింది, ఇంత నిశ్శబ్దంలో మనుషులు ఎట్లా బతుకుతారని. సాంచాల చప్పుడు లేకపోతే మా సిరిసిల్ల వాళ్ళకు చెవులు మూసుకుపోయినట్టుంటుంది. తర్వాత తర్వాత ఆ నిశ్శబ్దంలోనే చిన్న చప్పుళ్ళు వినిపించసాగాయి, తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు, బీడీలు చుట్టే ఆడవాళ్ళ గాజుల చప్పుడు, ఎక్కడో గుట్ట కింద ఒర్రెలో ఉన్నాయా లేవా అన్నట్టు పారే నీళ్ళ చప్పుడు.

ఉండటానికి పటేల్ ఇంట్లో మేడ మీది గది ఇచ్చారు. పటేల్ చెడ్డవాడు కాదు, నన్ను కన్న కొడుకులాగా చూసుకున్నాడు. ఆయన తల్లి, చూపు మందగించిన పెద్దమనిషి, పూటపూటకూ నా కంచంలో ఒక గుడ్డు ఎక్కువ వేసేది. ఆ గుడ్ల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, దానికీ నీళ్ళకూ సంబంధం ఉంది.

నా చేతిలోని ఆఫీసు పటంలో, కొత్త కుంట కట్టాల్సిన జాగా అని, గుట్ట కింది పల్లంలో ఒక గుర్తు పెట్టి ఉంది. ఆ పల్లంలో ఊరి చివరి వాడ వాళ్ళకు సర్కారు ఇచ్చిన పట్టా భూములున్నాయి. అందులో ఒక ముక్క, నేను పెద్దవ్వా అని పిలుచుకున్న ఒకామెది. తరతరాలుగా ఒకరి చేనులో కలుపు తీసిన ఇంట్లో మొదటిసారి తమదంటూ వచ్చిన నేల. పెద్దవ్వ, ఆమె కోడలు కలిసి రాళ్ళేరి, ఆ రాళ్ళతోనే ఒడ్డు కట్టి, మక్క వేసుకున్నారు. నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే పెద్దవ్వ ఒడ్డు మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

"గీడ నీళ్ళు నిలుస్తె మేం యాడ నిలవాలె కొడుకా?"

ఊరంతా కూర్చుని తేల్చాలి, సభకు వచ్చి చెప్పు పెద్దవ్వా అన్నాను. "మేం చెప్తె ఎవలింటరు" అని ఆమె మక్కల్లోకి పోయింది. నా జవాబు ఇప్పటికీ నాకే మింగుడు పడదు, ఎందుకంటే ఊరికి పైన ఇంకో పాత కుంట ఉందని నాకప్పటికే తెలుసు. ఎప్పుడో కట్టకు గండి పడి ఎండిపోయిన కుంట. పూడిక తీసి గండి పూడిస్తే కొత్తది కట్టే పనే లేదు. కానీ ఆ శికంలో, అంటే కుంట కడుపులో, పటేల్ వరి పండిస్తున్నాడు. ఒకరోజు అన్నం తింటూ అడిగాను కూడా. "అది పేరుకే కుంట, పాడువడ్డది, గందుల నీళ్ళెన్నడు నిలిచినయి" అన్నాడాయన. ఆ వెనకే ఆయన తల్లి గుడ్డు వేసింది. నేను రాసుకున్న జాబితాలో ఆ కుంట పేరు ఎక్కలేదు.

ఇక ఆ ఊరి సభ. ఊరి పటం ఊరే గీసుకోవాలి, ఎక్కడేం కావాలో అందులో ఊరే గుర్తు పెట్టాలి, పొద్దుగూకేలోగా పెద్ద సారు వచ్చి చూసి సంతకం పెడతాడు, ఇదీ ఆఫీసు నియమం. బడి ముందర నేల అలికించాము. కిరాణం చాచా రంగులు తెచ్చాడు, ఎర్రటి జాజు, పసుపు, బట్టలకు పెట్టే నీలిమందు. మొదట మగవాళ్ళు దిగారు. చిన్న గొడవ కాదు, ఎవరికి వారు తమ చేను తమ మనసులో ఉన్నంత పెద్దగా గీసుకుంటూ పోతే, ఊరు బడి గోడకు తగిలి ఆగిపోయింది, ఒర్రె పారడానికి జాగా లేకపోయింది. "అరే భాయ్, నా దుకాన్ మీద ఎవని బర్రెల కొట్టం గీసిన్రు?" అని చాచా మొత్తుకుంటే అందరూ నవ్వి, అలసిపోయి, చెట్టు కింద కూర్చున్నారు.

అప్పుడు అంచున బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒక పిల్ల లేచింది. మా కులపోళ్ళ పిల్లే, తండ్రి మగ్గం మూలన పడ్డాక ఇల్లంతా బీడీల మీదే నడుస్తుండేది. చాట పక్కన పెట్టి, కొంగు దోపుకుని, చీపురుతో మగవాళ్ళు గీసిందంతా ఊడ్చేసి, పిడికిట్లో ముగ్గు తీసుకుంది. ఆ పిడికిలి నేల మీద తేలుతూ పోతుంటే, ఎవరూ కొలవకుండానే ఎవరి జాగాలోకి వారు వచ్చి కూర్చున్నారు. గుట్ట వచ్చింది. గుట్ట మీంచి ఒర్రె దిగింది, వంపు తిరిగింది, చాచా దుకాణం వెనక నుంచి సిగ్గుపడ్డట్టు సన్నగా పోయి వాగులో కలిసింది. ఊరు ఊరంతా నిద్రలో పడుకున్నట్టు నేల మీద పడుకుంది. ఆ క్షణాన నేను ఆ ఊరికి ఎంత పైన నిలబడ్డానంటే, ఇప్పటి డ్రోను కూడా అంత పైకి పోలేదు.

ముగ్గును ఎవరూ తొక్కరు కదా. అందరూ చుట్టూ నిలబడే, వేలు చూపించి చెబుతున్నారు, ఆ పిల్ల గీస్తోంది. చివరి వాడ వాళ్ళు అందరికంటే వెనకాల, వేలు చూపించలేనంత దూరంలో నిలబడ్డారు. పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పసుపు చల్లిన తన పల్లాన్నే చూస్తోంది. దాని మీద ఆఫీసు గుర్తుగా నేనే ఒక రాయి పెట్టాను.

పిల్ల నీలిమందు తీసుకుని ఊరికి పైన గుండ్రంగా పాత కుంట వేసింది. కుర్చీలో కూర్చున్న పటేల్ దగ్గాడు. సరిగ్గా అప్పుడే, ఏదో సవరించబోయి ముందుకు వంగిన నాకు కాలు జారింది. చెప్పు పోయి ఆ నీలం మీద పడింది. కుంట చెదిరిపోయింది.

ముగ్గు తొక్కిన మగవాణ్ణి ఏమనాలో ఎవరికీ తోచలేదు. ఆ పిల్ల నా కాలి వంక చూసింది, పటేల్ కుర్చీ వంక చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. వెనక్కి తిరిగి, వెనక నిలబడ్డ పెద్దవ్వను గట్టిగా పిలిచింది.

"పెద్దవ్వా, నువ్వు ఈ ఊరికి కోడలై అచ్చిన ఏడు మీ వాడోళ్ళు బతుకమ్మను యాడ ఏసిన్రు?"

పటానికీ బతుకమ్మకూ ఏం సంబంధమని మగవాళ్ళు గొణిగారు. కానీ ఆడవాళ్ళ చేతుల్లో కత్తెరలు ఆగాయి. బతుకమ్మను ఎక్కడ వేశారో ఆడది మరిచిపోతుందా? పెద్దకొడుకు కడుపులో ఉన్న ఏడు కుంటలో వేశాం, రెండోది పుట్టిన ఏడు కుంట ఎండితే తలల మీద పెట్టుకుని వాగు దాకా నడిచాం, అత్త పోయిన ఏడు మళ్ళీ కుంటలోనే, అని ఒకరి మాట మీద ఒకరు అందుకున్నారు. ఏ ఆఫీసులోనూ లేని ఆ ఊరి వానలన్నీ వాళ్ళ కాన్పుల వెంట, చావుల వెంట, తంగేడు పూల వాసనతో సహా వరసగా బయటికి వచ్చాయి. ఆ పిల్ల చాటలోంచి తునికాకు కత్తిరించగా మిగిలిన తుక్కు పంచింది. బతుకమ్మ తేలిన ఒక్కో ఏడాదికి, అది తేలిన చోట ఒక్కో ఆకుముక్క. గాలికి ఎగురుతుంటే చాచా దుకాణం నుంచి తూకపు రాళ్ళు తెచ్చి మీద పెట్టాడు.

పెద్దవ్వ ఇంకా వెనకాలే ఉంది. పిల్ల మళ్ళీ పిలిస్తే అప్పుడు నోరు విప్పింది. "మాకు పై నీళ్ళల్ల చోటేడిది బిడ్డా. మేం మత్తడి కిందనే ఏసెటోళ్ళం. మత్తడి దునికిన ఏడే మాకు బతుకమ్మ, దునకని ఏడు వాగుకు పోయెటోళ్ళం."

అంటే కుంట నిండి పొర్లిన ప్రతి ఏడూ ఆమెకు తెలుసు. ఊరు నీళ్ళకు ఎడంగా పెట్టిన మనిషి దగ్గరే ఆ నీళ్ళ లెక్కంతా ఉంది. పెద్దవ్వ చెప్పులు విడిచి ముగ్గు దగ్గరికి వచ్చింది. గీత తొక్కకుండా మునివేళ్ళ మీద నడిచి, మత్తడి ఉండాల్సిన చోట ఒక్కొక్క ఆకే పెడుతూ పోయింది, రెండు చేతుల వేళ్ళ లెక్క రెండుసార్లు నిండింది. చివరికి తన పల్లం దగ్గర ఆగి, నేను పెట్టిన రాయిని తీసి పక్కన పడేసింది. "గీడ ఇసుక. ఎంత వాన వడ్డ పొద్దుగూకెవరకు గుంజుకుంటది. గీడ బతుకమ్మ కాదు, గునుగు పువ్వు గూడ తేలది."

కుంట మీద ఆకులు కుప్ప పడ్డాయి, పల్లంలో ఒక్కటీ లేదు. అప్పుడు పటేల్ ఇంటి వైపు నుంచి ఆయన తల్లి, ఎవరి భుజమో పట్టుకుని, తడుముకుంటూ వచ్చింది. నేను కొత్త పెండ్లికూతురుగా వచ్చిన ఏడు మెడ లోతు నీళ్ళల్లో వేశాను, మా ఆయన కట్ట మీద నిలబడి భయపడ్డాడు అని చెప్పి, తానూ ఒక ఆకు పెట్టింది. పటేల్ కుర్చీలోంచి లేచాడు. ఏదో అంటాడనుకున్నాం. తల్లి చెయ్యి పట్టుకుని ముగ్గు తొక్కకుండా పక్క నుంచి నడిపించి ఇంటికి తీసుకుపోయాడు, అంతే.

సారు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బూట్లు విప్పి, ఈ ఆకులేమిటని అడిగి, చెప్పిందంతా విని, కాగితం మీద ఎక్కించుకున్నాడు. మర్నాడు పల్లంలో గుంత తవ్వించి నీళ్ళు పోయించి చూశాడు, పెద్దవ్వ అన్నట్టే గుక్కెడు మిగల్లేదు. పాత కుంటకే గండి పూడ్చారు. మొదటి ఏడు వానలు మొహం చాటేశాయి. రెండో ఏడు మత్తడి దునికింది. ఆ ఏడు చివరి వాడ వాళ్ళు కూడా పై నీళ్ళలోనే వేశారని రాయాలని నాకు ఎంతో ఉంది, కాని వేయలేదు, ఇంకా మూడేండ్లు పట్టింది. పెద్దవ్వ పల్లం పెద్దవ్వకే మిగిలింది. ఆమె పోయాక కోడలు అందులో పసుపు వేస్తోంది. పటేల్ నాతో రెండేండ్లు మాట్లాడలేదు, ఆయన తల్లి మాత్రం నా కంచంలో గుడ్డు మానలేదు. ఇప్పుడు ఆయన పిల్లలు ఎక్కడ కనిపించినా నిలబడి పలకరిస్తారు. ఊరి పేరు రాయనిది అందుకే.

చూశారు కదా, నేను కాలు మోపిన చోట కుంట పుట్టలేదు. అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. మైకులో చెప్పినట్టు ఆడవాళ్ళను కూర్చోబెట్టింది నేను కాదు, బతుకమ్మల సంగతి అడిగింది నేను కాదు, ఆకులు లెక్కపెట్టింది కూడా నేను కాదు. నేను చేసిందల్లా కాలు జారడం. ఆ ముగ్గు వేసిన పిల్లను మరుసటేడు మా అమ్మ పోయి అడిగింది. అత్తగారింట్లో ఇప్పటికీ నా పేరు ముగ్గు తొక్కిన అల్లుడే. ఆ పిల్లే ఇప్పుడు నా పక్కన మెంతికూర ఏరుతోంది.

కోరుట్ల హాలులో గోడ మీది పటం ఎంత అందంగా ఉన్నా, దాన్ని ఎవరూ తొక్కలేరు, ఊడ్చి మళ్ళీ వేయలేరు, దాని మీద ఒక ఆకుముక్క పెట్టలేరు. సభ ముగిసి బటను నొక్కితే గోడ మీది ఊరంతా ఒక్కసారిగా ఆరిపోయింది. ఆ ముసలామె చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది, ఒర్రె మాత్రం లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూస్తే, ఒర్రెలు పారాల్సిన చోట తెల్లరంగు వేసిన ప్లాటు రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. బతుకమ్మ తేలిందెక్కడో అడిగేవాళ్ళు లేరు, అడిగితే చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆ ఇంజనీరు అమ్మాయి మంచిది, రాసియ్యమంది, దాచుకుంటుంది. కానీ నీళ్ళను దాచుకోవడం వేరు, నీళ్ళ ముచ్చటను దాచుకోవడం వేరు అని ఆ అమ్మాయికి ఎవరు చెప్పాలి? నాకైతే కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ ముగ్గు ఊరే కనిపిస్తుంది, దాని మధ్య నీలంగా ఒక కుంట, కుంట మీద జారిన నా కాలి గుర్తు.

ఇక్కడిదాకా చదివి, బాగుందా అన్నట్టు మా ఇంటామె వైపు చూశాను. ఆమె మెంతికూర చాట కింద పెట్టింది.

"జారిన కాలు ఒక్కపారి పడ్తది. నువ్వు మడిమె పెట్టి మూడుపార్లు రుద్దినవ్, నేను చూసిన. ఉత్తగనే ఎందుకు తుడుస్తడు, గా పాత కుంటల నీళ్ళు నిలుస్తయని గప్పుడే సమజైంది నాకు. గందుకే పెద్దవ్వను పిలిచిన. గట్ల రాయి."